రెండు జవాబులకు ఒకే గంట

నేను ఒక బల్లగంటను. ఇత్తడి బుర్ర, దాని నడినెత్తిన చిన్న మీట. నా బతుకంతా నెత్తిన కొట్టించుకోవడమే. కొట్టినవాళ్లలో తలకాయ ఉన్నవాళ్లు బహు తక్కువ.

ఇత్తడి సామాన్లు చేసే ఇంట్లో పుట్టి, కాకినాడలో ఓ లాడ్జి కౌంటరు మీదికి చేరాను. గుమాస్తా ఎదురుగానే కూర్చున్నా, వచ్చినవాడల్లా ముందు నన్నొకటి మొత్తి, ఆ తర్వాత "ఎవరండీ లోపల?" అని అడిగేవాడు. లాడ్జి మూతపడ్డాక కొన్నాళ్లు కంటి డాక్టరు బల్ల మీద పనిచేశాను. అక్కడి జనానికి ఎదుటి మనిషి కనపడకపోవడానికి ఓ కారణమైనా ఉండేది.

ఆఖరికి నన్ను కొన్నది అంకెల మిత్రమండలి. సుడోకు పూరించేవాళ్ల సంఘం అది. మామూలు సుడోకు వాళ్లకు పసిపిల్లల ఆటట. వీళ్ల పజిల్లో ముందుగా ఒక్క అంకె కూడా ఇవ్వరు. చుక్కల గీతలో బంధించిన గళ్లను కూడితే ఎంత రావాలో మాత్రం చెబుతారు. అడ్డంలో, నిలువులో, చిన్న చదరంలో ఏ అంకే రెండోసారి రాకూడదు. ఇంట్లో బియ్యం నిండుకున్నా పట్టని మహానుభావులు, గడి నిండలేదని అన్నం మానేస్తారు.

ఏటా పోటీ పెడతారు. ఆఖరి పోటీలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యన నేను. ముందు పూర్తిచేసినవాళ్లు నన్ను కొట్టాలి. గెలిచినవాళ్లు ఊరి తరఫున హైదరాబాదులో రాష్ట్రపోటీకి వెళతారు. మండలి అధ్యక్షుడు గవర్రాజు గారు ఏటా వెళ్లేవారు, మొదటి రోజే ఓడి తిరిగొచ్చేవారు. "రైల్లో నిద్రపట్టలేదండి" అనేవారు.

ట్యూషన్లు చెప్పుకునే వకుళకు ఒక్కసారైనా ఆ పోటీకి వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోయేది. నిజానికి గవర్రాజు గారి కంటే ముందే పూర్తిచేసేది. కానీ కొట్టేముందు మొదటినుంచీ సరిచూసుకునేది. ఈలోగా ఆయన అరచెయ్యి నా మీద పడేది. ఇదెక్కడి నత్తనడక మనిషిరా అని నాక్కూడా ఆమె అంటే చులకనే.

ఒక ఏడాది మాత్రం ఈసారి గెలిచి తీరాలనుకునే వచ్చింది. పెన్సిలు వదిలింది, చెయ్యెత్తి నా మీదికి తెచ్చింది. అక్కడే ఆగిపోయింది. చూపు కాగితంలో నాలుగు గళ్ల దగ్గర చిక్కుకుంది. రెండింటిలో నాలుగు, రెండింటిలో ఏడు. వాటిని అటూ ఇటూ మార్చినా ఏ నియమమూ చెడడం లేదు, కూడిక కూడా తప్పడం లేదు. మంచి పజిలుకు జవాబు ఒక్కటే ఉండాలి. దీనికి రెండున్నాయి.

దబ్బున పడింది గవర్రాజు గారి చెయ్యి. మోగడం నా ఖర్మ, మోగాను.

పజిలు కట్టింది సుబ్బారాయుడు మేష్టారు. న్యాయనిర్ణేత కూడా ఆయనే. గవర్రాజు గారి కాగితాన్ని తన జవాబుతో పోల్చి, సరిపోయిందని తలూపారు.

"ఇందులో రెండు జవాబులొత్తన్నాయండి మేష్టారూ," అని వకుళ ఆ గళ్లు చూపించింది.

మేష్టారు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ముఖం మాడిపోయింది.

"గంట కొట్టినోళ్లదే గెలుపమ్మా, రూలది. ఏదో ఒకటి రాసేసి కొట్టాల్సింది నువ్వు."

"ఏదో ఒకటి రాయడానికైతే ఇంతసేపు బుర్ర బద్దలుకొట్టుకోవడం ఎందుకండి? బొమ్మా బొరుసూ ఏసుకుంటే సరిపోద్ది గదండి," అంది వకుళ. పెన్సిలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. సభ్యులు గవర్రాజు గారికి చప్పట్లు కొట్టారు.

ఆయన మేష్టారి చెవి దగ్గరికి వంగారు. "నాకూ రెండూ కనపడ్డాయండి. తమరు తప్పు కడతారా అండి, నా లెక్కే తప్పయ్యుంటదని ఒకటి ఏసేశానండి."

మేష్టారి ముఖం మళ్లీ వికసించింది. ఇంతటి శిష్యుడు దొరకడం అదృష్టమన్నట్టు భుజం తట్టారు. వకుళ కాగితం మడతపెట్టి టీ గ్లాసు కింద పెట్టుకున్నారు. నాకు వాళ్లిద్దరి మీదా అసహ్యం పుట్టింది.

గవర్రాజు గారు ఈసారీ మొదటి రోజే తిరిగొచ్చారు. రైలు మీద మాత్రం నేరం మోపలేదు. "అక్కడివన్నీ తప్పుల పజిళ్లండి. దేన్ని చూసినా రెండేసి జవాబులండి," అన్నారు. సభ్యులంతా నిజమేనన్నారు.

మరుసటి ఏడు పోటీకి రమ్మని వకుళకు కబురు పెట్టారు. "ఒక్క జవాబే వచ్చేది కట్టాక చెప్పండి, వత్తాను" అందట. ఎంత పొగరో చూశారా అని మండలి అంతా ముక్కున వేలేసుకుంది. ఏళ్లు గడిచాయి, నా మీట అరిగింది, గవర్రాజు గారు గెలుస్తూనే ఉన్నారు. ఒక్క జవాబే వచ్చేది కట్టామన్న కబురు మాత్రం వకుళకు ఇంతవరకూ వెళ్లలేదు.