భుజం ఎత్తు

అయినా మగపిల్లలకేం, వారం తిరక్కుండా ఇంకో జోడీ దొరుకుతుంది, అనుకుంది ఉల్యానా స్కేట్ల లేసులు బిగించుకుంటూ. వోల్గా నది పొడవునా ఏ స్కేటింగ్ రింక్‌లో చూసినా ఆడపిల్లలు బారులు తీరి ఉంటారు, మగపిల్లాడు ఒక్కడు. ఆ ఒక్కడికి వాళ్ళ అమ్మలు జున్ను అట్లు మూటకట్టి తెచ్చి మరీ తినిపిస్తారు. గ్లేబ్‌కీ అలాగే ఎవరో ఒకరు... అక్కడికి వచ్చేసరికి ఆలోచన నడవనని మొరాయించింది. గ్లేబ్ పొట్టి. ఇప్పుడు జోడీ లేక కూర్చుని ఉన్న ఆడపిల్లలందరూ అతనికంటే పొడుగు. చిన్నప్పుడు కోచ్ రిమ్మా అర్కాద్యెవ్నా వీళ్ళిద్దరి చేతులూ కలిపి మంచు మీదకి తోసింది. అప్పటినుంచీ తను అతనికి సరిపోయేంతే పెరిగింది, అంతకు మించి కాదు.

పోయిన ఆదివారం పెంజాలో బామ్మని చూడ్డానికని చెప్పి ఉల్యానా మాస్కో వెళ్ళింది. అక్కడ సవేలీ అనే కుర్రాడితో ఒక గంట స్కేటింగ్ చేసింది. అతని జోడీ అమ్మాయి ఆట మానేసిందట. పొడుగాటివాడు, పెద్ద కోచ్ దగ్గరి శిష్యుడు. ఈ సాయంత్రంలోగా అవునో కాదో చెప్పమన్నారు. అవునంటే యూరప్ పోటీలు. కాదంటే ఈ సమారా ఊరే, ప్రతి ఏడూ దేశంలో ఏడో స్థానం. ఏమని చెప్పబోతోందో ఆమెకి రైల్లోనే తెలుసు. తెలిసి కూడా ఇంకా ఆలోచిస్తున్నట్టు వారమంతా తనని తాను నమ్మించుకుంది.

సంగీతం మొదలైంది. గ్లేబ్ ఎదురుగా వచ్చి నడుము పట్టుకున్నాడు. ఆమె ఎడమచెయ్యి అతని భుజం మీద వాలాలి. వాలలేదు. అతని చెవి పక్కన, ఖాళీ గాలిలో ఆగింది.

"ఏంటి, బల్బు మారుస్తున్నావా?" అన్నాడు గ్లేబ్.

ఉల్యానా నవ్వి చెయ్యి దించుకుంది. రెండోసారీ చెయ్యి అక్కడికే పోయింది. ఈసారి అతను నవ్వించలేదు. ఆ చేతిని ఒక్క క్షణం చూశాడు, అంతే.

మూడోసారి చెయ్యి తప్పలేదు. తను దించిందేమో అనుకుంది. కాదు, భుజమే పైకి వచ్చింది. గ్లేబ్ మోకాళ్ళు వంచడం మానేసి నిటారుగా జారుతున్నాడు.

ఐస్ డాన్స్‌లో గెంతులు ఉండవు. జోడీ ఒకరినొకరు ఎంత దగ్గరగా అంటిపెట్టుకుని, ఎంత లోతుగా మోకాళ్ళు వంచి జారుతారన్నదే చూస్తారు. గ్లేబ్‌కి ఉన్న ఆస్తి ఆ మోకాళ్ళే.

"ఒరే గ్లేబ్, ఆ కాళ్ళేంటిరా, చీపురు కర్రల్లా?" అని గోడ దగ్గర్నుంచి అరిచింది రిమ్మా అర్కాద్యెవ్నా. "మనల్ని జనం చూసేదే ఆ మోకాళ్ళ కోసం. అవి కూడా అమ్మేశావా?"

"పట్టేశాయండీ."

"పట్టెయ్యవూ మరి. వొళ్ళు వేడెక్కకుండానే మంచు మీదకి దిగితే? ముసలాడివైపోయావు, రేపు చేతికర్ర కొనిపెడతాలే."

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. గ్లేబ్ కూడా నవ్వాడు.

గోడ దగ్గర ఆగి ఫ్లాస్కులోంచి టీ వంపుకుంటూ, ఆమె వైపు చూడకుండా అడిగాడు. "మీ బామ్మ బాగా పొడుగైనట్టుందే పెంజాలో?"

ఉల్యానా వంగి స్కేటు లేసు ముడి సరిచేసుకుంది.

"బాగా చేస్తాడా?"

"బాగానే చేస్తాడు."

"ఊఁ." టీ ఊదుకున్నాడు. "కోచ్‌కి ఇప్పుడే చెప్పకు, గుండె ఆగిపోతుంది. జాతీయ పోటీల దాకా నేనిలా నిటారుగానే లాగించేస్తాను. నీ చెయ్యి తప్పుతోందని ఎవరికీ కనపడదు."

ఆమెకి ఏడుపు రావాలి. వచ్చింది కోపం. పో అని ఎందుకనడు? ఒక్క తిట్టు తిడితే ఏం పోయింది? ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందా అని లోపలికి చూసుకుంటే అక్కడ ఉన్నది చూసి ఆమెకే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళ అలవాటుని ఒక్క గంట చెరిపెయ్యదు. చెయ్యి పొరపాటు పడలేదు. పట్టుబడడానికే అది పైకి వెళ్ళింది. గ్లేబ్ పట్టుకోవాలి, గొడవపడాలి, తనని తరిమెయ్యాలి. అప్పుడు మాస్కో రైల్లో కూర్చుని తన మీద తనే జాలిపడుతూ ఏడవచ్చు. వదిలి వెళ్ళినదాన్ని కాదు, వదిలించుకోబడినదాన్ని అనుకోవచ్చు. ఆ పని అతని చేత చేయించాలని చూసింది. అతనేమో ఆ చేతి కింద తన భుజం పెట్టాడు.

"మళ్ళీ మొదట్నుంచి," అంది రిమ్మా అర్కాద్యెవ్నా.

గ్లేబ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, కొలిచినట్టు, సవేలీ అంత ఎత్తుగా. మోకాళ్ళు బిగబట్టడంతో అతని తొడలు వణుకుతున్నట్టు, నడుము పట్టుకున్న అతని చేతిలోంచి ఆమెకి తెలిసింది. మొదటి మలుపు తిరిగారు.

"మళ్ళీ అవే కర్రలు. నీకు వినపడుతోందా, లేక చెవులు కూడా పట్టేశాయా?"

"వినపడుతోందండీ," అన్నాడు గ్లేబ్.

ఉల్యానా అతని భుజం మీంచి చెయ్యి తీసేసింది. గ్లేబ్ ఆపబోయాడు, "వద్దే, ఉల్యా," అన్నాడు మెల్లగా. సంగీతం సాగుతూనే ఉంది. ఆమె అతని పట్టులోంచి విడివడి, ఒక్కతే గోడ దాకా జారుకుంటూ వెళ్ళి కోచ్ ఎదురుగా ఆగింది.

"వాణ్ణి తిట్టకండి, రిమ్మా అర్కాద్యెవ్నా. వాడి మోకాళ్ళకేం కాలేదు. నేను మాస్కో వెళ్ళిపోతున్నాను."