వాహిద్ సాయిబు ఊపిరి

జాకెట్టుకు హుక్కు కుట్టి వనజమ్మ దారం పంటితో కొరికేసరికి, పెద్దముడియం నుంచి వచ్చిన రైతు చంకలో యాంప్లిఫయర్‌తో గడప దాటి లోపలికి వచ్చాడు. ఊరి భజన మందిరానిది. బాగు చేయించుకుని పోయి వారం కాలేదు, మళ్లీ కూత పెడుతోందట.

ఆమె తల ఎత్తలేదు. ప్రొద్దుటూరు మార్కెట్టు వెనక సందులో ఆ ఇంటి ముందు గదే దుకాణం. లోపలి గడప దగ్గర చాప మీద కూర్చుని, బట్టల దుకాణం వాళ్లు పంపే జాకెట్లకు హుక్కులూ కాజాలూ కుట్టడం ఆమె పని. రెండు అడుగుల దూరంలో బల్ల వెనక భర్త జయరామయ్య. మైకు సెట్టు జయరామయ్య అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. బక్కపలచని మనిషి. పొడుగాటి వేళ్లు, గోళ్ల సందుల్లో ఎప్పుడూ సోల్డరు మసి.

ఆయన వైర్లు తగిలించి, పాట పెట్టి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. చూసేవాళ్లకు అది పెద్ద మేస్త్రీ వినే పద్ధతి. కళ్లు తెరిచాక ఆయన చూపు మొదట పడేది మాత్రం భార్య చేతుల మీద. పాట సరిగ్గా ఉంటే వనజమ్మ కుట్టుకుంటూనే ఉంటుంది. గరగరగానీ, సన్నటి కూతగానీ ఉంటే సూది గుడ్డలో గుచ్చి చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది.

సూది ఆగింది.

"ఇంకా ఉండాది కూత. సాయంత్రానికి చేసి పెడ్తా పో," అన్నాడు జయరామయ్య. రైతు తృప్తిగా వెళ్లిపోయాడు.

ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలైందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు. దాని గురించి ఒక్క మాటైనా అనుకున్నది లేదు. పెండ్లిళ్లు, ఉరుసులు, తిరునాళ్లు, ఎలక్షన్లు... ఆయన వయసంతా హార్నుల కిందే గడిచింది. చెవి ఒక్కసారిగా పోలేదు. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత కుక్కరు కూత. ఆ తర్వాత వనజమ్మ గొంతులో సగం. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు. వెనకనుంచి పిలిస్తే పలకడు. ఊళ్లోవాళ్లు దాన్ని పెద్దరికం అనుకున్నారు.

ఎండ గడపలోకి వచ్చే వేళకు అవినాష్ దిగాడు. పులివెందుల పిల్లవాడు, బెంగుళూరులో ఉద్యోగం. స్నేహితులతో కలిసి పాత రికార్డులు వెతికి పట్టుకుని, సంగీతం పిచ్చి ఉన్నవాళ్ల కోసం కొత్తగా అచ్చు వేయిస్తుంటాడు. ఒక చేతిలో తోటనుంచి కోసుకొచ్చిన చీనీకాయల సంచి, ఇంకో చేతిలో చదరంగా అట్టపెట్టె.

"వచ్చింది మామా," అన్నాడు.

అది జమ్మలమడుగు అబ్దుల్ వాహిద్ క్లారినెట్ రికార్డు. పెండ్లి మేళంలో వాయించే వాహిద్ సాయిబును ఎవరో మద్రాసు తీసుకుపోయి ఆ ఒక్క రికార్డు చేయించారు. కంపెనీ మూతపడింది, టేపులు ఏమయ్యాయో తెలియదు, సాయిబు కూడా పోయి చాలా కాలమైంది. పెద్దగా గీతలు పడని రికార్డు జయరామయ్య దగ్గర ఒక్కటే మిగిలింది. తెల్లవారుజామున పెండ్లి పందిట్లో ముందు దాన్నే పెట్టేవాడాయన. అవినాష్ దాన్ని తీసుకుపోయి, శుభ్రం చేయించి, నమూనాగా ఒక కొత్త రికార్డు తీయించి, రెండూ తెచ్చాడు.

"సాయిబు ముందర మైకు పెట్టిన మనిషివి నువ్వొక్కడివే ఉండావు. నువ్వు సరేనంటే అచ్చుకు పంపిస్తా."

జయరామయ్య చేతులు పంచెకు తుడుచుకుని, ముందు పాతది పెట్టాడు. ముల్లు ఆనగానే ఆవాలు చిట్లినట్టు చిటపటలు. వాటి వెనక నుంచి క్లారినెట్. వనజమ్మకు ఆ రికార్డు ఇంట్లో మనిషి లాంటిది. తర్వాత కొత్తది పెట్టాడు. నల్లగా, నిగనిగలాడుతూ, పళ్లెమంత బరువుంది.

ముల్లు పడిన చప్పుడే లేదు. ఉన్నట్టుండి క్లారినెట్ గది మధ్యలో వచ్చి నిలబడింది. కింది స్వరాలు నెయ్యి పోసినట్టు నున్నగా ఉన్నాయి. డోలు దెబ్బ ఒక పక్కన, తాళం ఒక పక్కన, దేనికది విడిగా తెలుస్తోంది. ఇంత బాగుంటుందని వనజమ్మ అనుకోలేదు. కానీ పల్లవి ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఏదో తప్పింది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టయింది. రెండో చుట్టులోనూ అంతే. అప్పుడు తెలిసింది ఆమెకు. సాయిబు ఉబ్బసం మనిషి. ఎత్తుకునే ముందు ముక్కుతో ఉస్సుమని గాలి లోపలికి లాగేవాడు. ఆ ఊపిరి లేదు. దాని చోట బోసి మౌనం ఉంది.

సూది జాకెట్టు మీద గాలిలో నిలిచింది.

"ఎట్లుండాది మామా?" అవినాష్ ముందుకు వంగాడు.

జయరామయ్య కళ్లు తెరిచి చాప వైపు చూశాడు. సూది ఆగితే ఆయన బాగాలేదంటాడు. యాడ బాగాలేదని పిల్లవాడు అడుగుతాడు. అప్పుడు ఆయన దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. వనజమ్మ సూదిని గుడ్డలోకి దించి దారం లాగింది. మళ్లీ దించింది.

"శానా బాగుండాది నాయనా. ఏం వంక లేదు."

అవినాష్ ఆయన చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అట్ట మీద వేయడానికి సాయిబు కూతురు ఆర్షియా దగ్గర ఫొటో ఉందట, జమ్మలమడుగు పోయి తీసుకుని సాయంత్రం వస్తానని లేచాడు.

మధ్యాహ్నం సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి. జయరామయ్య సగం తిని ఆగాడు.

"మే."

"ఏం?"

"రెండో చుట్టుకు ముందర సాయిబు గాలి పీలుస్తాడు. అది మైకులో పడకూడదని నేను పక్కకు జరిపేవాణ్ని. మద్రాసోళ్లకు ఆ సంగతి తెలీక రికార్డులో పడింది. కొత్తదాంట్లో ఉండాదా?"

వనజమ్మ ఊరిబిండి గిన్నె ఆయన వైపు జరిపింది. "నేను కుట్టుకుంటాంటి గదా."

"కుట్టుకుంటాంటివి. అది చూసే బాగుండాదని చెప్తి."

ఇన్నేండ్లలో ఆ మాట ఇద్దరి మధ్యకు రావడం అదే మొదలు. వనజమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"లేదు," అంది. ఆయనకు కనబడేట్టు మొహం తిప్పి మళ్లీ అంది. "లేదు. తుడిచేసినారు."

"మరి సూది ఎందుకు ఆపలేదు?"

"యాడ తప్పని ఆ పిల్లోడు అడిగితే ఏం చెప్తాంటివి?"

జయరామయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. "నా పేరు నిలబెట్టేదానికి ఆయప్ప ఊపిరి తీసేస్తిమి," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది వనజమ్మకు.

ఆయనే ఫోను చేశాడు.

"అవినాష్, నాకు చెవులు సరిగ్గా ఇనపడవు నాయనా. శానా ఏండ్లయింది. పొద్దున నేను చెప్పిన మాట వదిలేయి. మీ అత్త ఇనింది. ఆమెతో మాట్లాడు."

వనజమ్మ ఫోనును కాలే గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంది. అవతల బస్సు చప్పుడు. అవినాష్ మెల్లగా, ఎక్కడెక్కడ పోయిందో చెప్పమన్నాడు. చెప్పింది.

"చిటపటలు తీసేటప్పుడు అదీ అట్లాంటి చప్పుడే అనుకున్యామత్తా. మళ్లీ పెట్టియ్యొచ్చు. ఇంకేమన్నా ఉండాదా?"

ఉంది. పై స్వరాలకు పోయేటప్పుడు క్లారినెట్ గొంతులో ఉండే జీర కాస్త తగ్గింది. వేళ్ల కింద మీటలు టక్కుమనేది పోయింది. చివర్లో డోలాయన దగ్గుతాడు, అది మాత్రం ఎందుకో ఉంచారు. వనజమ్మ చెబుతూనే పోయింది. ఏమి విన్నావని ఆమెను అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. మాట్లాడినంతసేపూ జయరామయ్య ఆమె పెదాలనే చూస్తూ కూర్చున్నాడు.

ఫోను పెట్టేశాక, "నీకు ఇంత ఇనపడ్తాదని నాకు తెలీదు మే," అన్నాడు.

ఆయన కొంచెం నవ్వి, రొమ్ము ఒకసారి రుద్దుకుని, "కాసేపు పండుకుంటా," అని లోపలి గదిలోకి పోయాడు. ఫ్యాను తిరగడం మొదలైంది.

వనజమ్మ చాప మీదకు వచ్చి జాకెట్లు అందుకుంది. మనసు తేలిగ్గా ఉంది. ఎందుకో భయంగానూ ఉంది. ఎండ గడప దాటి వీధిలోకి దిగాక లేచి పొయ్యి వెలిగించింది.

"టీ పెడ్తాండా, లేస్తావా?"

జవాబు రాలేదు. ఆ ఇంట్లో పిలుపుకు జవాబు రాకపోవడం కొత్త కాదు. టీ వడబోసింది. మిగిలిన జాకెట్టు పూర్తి చేసింది. తలుపు దగ్గర నిలబడి ఇంకాస్త గట్టిగా పిలిచింది. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. గ్లాసు తీసుకుని మంచం దగ్గరకు పోయి, ఎప్పుడూ లేపినట్టే భుజం మీద చెయ్యి వేసి కదిపింది. భుజం కదిలింది. మనిషి కదల్లేదు.

గ్లాసు కింద పెట్టి, వంగి, ఆయన ముక్కు దగ్గర చెవి పెట్టింది. ఫ్యాను చప్పుడుకు వినపడలేదనుకుంది. ఫ్యాను ఆపింది. రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగి, మళ్లీ చెవి పెట్టి వింది.

పక్కింటి ఖైరున్నీసా ఎందుకో వచ్చి చూసి, ఇరుగుపొరుగును కేకేసింది. మగవాళ్లు ముందు గదిలో పెట్టెలన్నీ పక్కకు జరిపి ఆయన్ను అక్కడికి మార్చారు. దీపాలు పెట్టే వేళకు వచ్చిన అవినాష్, సాయిబు ఫొటో చేతిలో పట్టుకుని షట్టరు దగ్గరే నిలబడిపోయాడు.

కప్పడానికి దుప్పటి కావాలని ఎవరో అడిగితే వనజమ్మ లోపలి గదిలోకి పోయింది. ఖాళీ మంచం మీద, తల కింద ఆయన నాలుగు మడతలు వేసి పెట్టుకున్న తువ్వాలు ఉంది. చెవి ఆనిన చోట చిన్న గుంట ఇంకా సాపు కాలేదు.