ఎంత దూరం నుంచి

గోడకు మట్టి పూత పూయడంలో భీమమ్మకు వంక పెట్టేవాళ్లు లేరు గానీ, ఆ ఇంటి లెక్క మాత్రం ఆమెకు ఓ పట్టాన అర్థం కాలేదు. నారాయణఖేడ్ శివార్లో లేస్తున్న ఆ ఇంటికి సిమెంటు లేదు, కాల్చిన ఇటుక లేదు. అంతా పచ్చి ఇటుక, సున్నం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు దీవెన, ఇల్లు కట్టడానికి ఎంత పొగ అవుతుందో లెక్కగట్టి, అంతకు సరిపడా చెట్లు పెట్టించి, ఆఖరికి సున్నా చేస్తానంటుంది. ఇల్లు కడితే పొగెందుకొస్తుందని అడగడానికి భీమమ్మకు నోరు రాలేదు.

పన్నెండేళ్లు హైదరాబాద్ అడ్డా మీద కూలికి నిలబడి, సొంతూరు సిర్గాపూర్‌కు తిరిగొచ్చి ఆమెకింకా ఏడాది కాలేదు. రోజూ అక్కణ్నుంచే ఆటోలో పనికి వస్తుంది. ఈ పని పోతే మళ్లీ ఆ అడ్డాయే గతి.

ఒకరోజు కంకర లారీని దీవెన గేటు దగ్గరే తిప్పి పంపింది. చాలా దూరం నుంచి తెచ్చారట, డీజిల్ పొగ ఎక్కువవుతుందట. మర్నాడు పొగ లెక్కలు రాసుకునే పుస్తకం పట్టుకుని కూలీల దగ్గరికొచ్చింది.

"అక్కా, నువ్వు ఎంత దూరం నుంచి వస్తున్నవ్? ఆటోలనా, బస్సులనా?"

లారీనే తిప్పి పంపిన పిల్ల తననుంచుతుందా?

"నాది ఈ ఊరే మేడం. డిపో ఎన్క ఉంట. నడిసొస్త" అనేసింది భీమమ్మ.

రోజూ కల్హేర్ నుంచి బండి మీద వచ్చే దశరథ్ మేస్త్రి కూడా కళ్లార్పకుండా "నేను గూడ నడిసే వస్త" అన్నాడు. మిగతావాళ్లూ అదే పాట. దీవెన ముఖం చాటంత అయింది. అనుమానమన్నదే రాలేదు, బాగా చదువుకున్న పిల్ల కదా!

నెల తిరిగేసరికి ఇల్లు పూర్తయింది. దీవెన అందర్నీ కూర్చోబెట్టింది.

"లెక్క సున్నాకొచ్చింది! ఇగ తర్వాతి ఇల్లు సిర్గాపూర్‌ల, సోమవారమే మొదలు. ఆ ఊరోళ్లనే పనికి పెట్టుకుంటం. మీకు దూరమైతది కదా."

భీమమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందరూ కదిలాక దీవెనను ఆపింది.

"మేడం, నాది సిర్గాపూరే. పనికెల్లి తీసేస్తవని అబద్ధం చెప్పిన. మేం ఎవ్వరం నడిసి రాలే."

"నిన్నెవరు తీసేస్తరక్కా? ఇంకో నాలుగు చెట్లు ఎక్కువ పెట్టించేదాన్ని, అంతే!"

దీవెన పుస్తకం తెరిచింది. పెన్ను తీసింది. కాసేపు ఆ పేజీనే చూసి, మెల్లగా మూసేసింది.

"కాగితాలు పైకి పోయినయి. ఇప్పుడు మారిస్తే నా ఉద్యోగం పోతది. ఎవ్వరితోని అనకక్కా."

"అనను. మరి సోమారం పనికి రావాల్నా?"

"ఎట్ల రమ్మంటా? నా లెక్కల నువ్వు నారాయణఖేడ్ మనిషివి. అక్కడ సిర్గాపూర్ అని రాస్తే ఇద్దరం దొరికిపోతం."

అబద్ధమాడింది తను. అది అలాగే ఉండనిమ్మని బతిమాలుతున్నది దీవెన. ఇందులో తప్పెవరిదో భీమమ్మకు అంతుచిక్కలేదు. అబద్ధంతో నిలిచిన పని నిజం చెప్పినా దక్కలేదని మాత్రం ఒళ్లు మండింది.

సోమవారం పొద్దున్నే భీమమ్మ ఇంటి వెనక వీధిలో పునాది తవ్వడం మొదలైంది. గడ్డపార భుజాన వేసుకుని పోతున్న పక్కింటి కాశమ్మ, సంచితో గడప దిగుతున్న భీమమ్మను చూసి ఆగింది.

"గీడనే పనుంటె హైదరాబాద్ పోతవేందే? ఊరోళ్లందర్నీ రమ్మంటున్రు."

"నేను ఈ ఊరిదాన్ని కాదంట వదినా" అని భీమమ్మ బస్సుకు నడిచింది.