చేతులెత్తి ఎన్నుకున్న డాక్టరు

నా చెల్లెలి ఎడమచేతి బొటనవేలు మొద్దుబారిపోయింది. కత్తి పట్టింది డాక్టరు. ఆ డాక్టర్ని ఎన్నుకున్నది మా బట్టల ఫ్యాక్టరీ కార్మిక సంఘం. ఆ సంఘాన్ని నడిపేది నేను. వరస ఇదీ. ఇందులో ఎవర్నీ తప్పించడానికి రాయడం లేదు, నన్ను అసలే కాదు.

చెల్లిది రఫూ పని. కోటుకు నిప్పురవ్వ పడి చిల్లు పడినా, శాలువా మేకుకు పట్టి చిరిగినా దాని దగ్గరికే తెస్తారు. ఆ బట్ట మడతలోంచే పోగులు లాగి, చిల్లు మీద నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని నేసుకుంటూ పోతుంది. అయ్యాక చిల్లు ఎక్కడుండేదో చూపించమంటే తెచ్చినవాళ్ళే వెతుక్కోవాలి. కుడిచేతిలో సూది ఉంటుంది, అది అందరూ చూస్తారు. అసలు పని ఎడమచేతి బొటనవేలిది. అది బట్ట కింద ఉంటుంది. సూదిమొన ఏ పోగు కిందనుంచి వస్తోందో ఆ వేలికే తెలుస్తుంది. "కళ్ళు ఊరికే కాపలా అక్కా, చూసేది వేలే," అనేది.

ఆ వేలు వంగితే లేవడం మానేసింది. కుడిచేత్తో పట్టుకుని లాగితే టక్కుమని లేచేది. పొద్దున్నే ఆ చప్పుడు వంటగదిలో ఉన్న నాకు వినపడేది. మాత్రలు వాడింది, సూదిమందు వేయించుకుంది, పట్టీ కట్టుకుంది. చివరికి చిన్న కోత తప్పదన్నారు. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు, గోటితో పోయేదేనన్నారు. సంఘం నాకు ఇప్పించిన బీమాలో చెల్లి పేరూ ఉంది, ఎక్కడైనా చెల్లుతుంది. ఎవరి దగ్గర చేయించుకోవాలన్నదే మిగిలింది.

మొదట చేతుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన చేతులు తప్ప ఇంకేమీ చూడడు. మనుషుల్ని కూడా చూడడని అక్కడ కూర్చున్నాక తెలిసింది. మూడు గంటలు కూర్చున్నాం. లోపలినుంచి "తర్వాత!" అని అరుపు. మనిషి వెళ్తాడు, వస్తాడు, మళ్ళీ "తర్వాత!" మా ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఇలాగే అరిచేవాడు. అతని నోరు మూయించడానికి మాకు పదకొండు రోజుల సమ్మె పట్టింది.

మా వంతు వచ్చింది. తల ఎత్తకుండానే చెల్లి చెయ్యి లాక్కుని వేలు మొదట్లో నొక్కాడు.

"ఏం పని చేస్తావ్?"

"రఫూ అండీ."

"ఈ వేలు బట్ట కింద పెడతావా?"

చెల్లి ఉలిక్కిపడి చూసింది. "అవునండీ."

"ఇక్కడ నరం తోలుకు ఆనుకునే ఉంటుంది. ముందు దాన్ని వెతికి పక్కకు జరపాలి, తర్వాతే కొయ్యాలి. వారానికి నాలుగైదు చేస్తాను. మంగళవారం రా. తర్వాత!"

నాకు ఒళ్ళు మండింది. "డాక్టర్ గారూ, మనిషితో మాట్లాడే పద్ధతి ఇదేనా?"

అప్పుడు తలెత్తాడు. "బయట నలభైమంది ఉన్నారమ్మా. నీకు పద్ధతి కావాలా, వేలు కావాలా?"

"రెండూ కావాలి," అన్నాను. చెల్లి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. వరండాలో ఉన్న నలభైమందికీ వినపడేలా నాలుగు మాటలు కూడా అన్నాను. కొందరు నవ్వారు. ఒకామె చప్పట్లు కొట్టింది. చప్పట్లు వినపడితే నాకు ఇంకేమీ వినపడదు.

మెట్లు దిగుతుంటే చెల్లి మెల్లిగా అంది: "అతను నా మొహం చూడలేదు గానీ వేలు బాగా చూశాడక్కా. బట్ట కింద పెడతావా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"బానిస మాటలు మాట్లాడకు," అన్నాను.

మన డాక్టరు అని మేం పిలుచుకునే ఆయన వేరు. సమ్మె రోజుల్లో గేటు ముందు టెంటు వేసుకుని కూర్చుంటే పిలవకుండా వచ్చాడు. లాఠీ తగిలి నా కనుబొమ చీలితే టెంటులోనే కుట్లు వేశాడు. అప్పట్నుంచీ ప్రతి శనివారం మా సంఘం ఆఫీసుకు వస్తాడు, చాప మీద మాతోపాటే కూర్చుంటాడు, అందర్నీ పేరు పెట్టి పిలుస్తాడు. హెర్నియాలు, అపెండిక్సులు కోసే చెయ్యి. బంగారంలాంటి మనిషి. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

మా సంఘంలో ఏ సంగతైనా చేతులెత్తి తేలుస్తాం. ఫ్యాను ఎటు తిప్పాలన్నా చేతులే. ఆ శనివారం చెల్లి వేలి సంగతి నేనే ముందుకు తెచ్చాను. చెల్లి మా ఫ్యాక్టరీ మనిషి కాదు, మా సభ్యురాలూ కాదు. అయినా తీసుకెళ్ళి మధ్యలో కూర్చోబెట్టాను. చేతుల డాక్టరు ఎలా మాట్లాడాడో అభినయం చేసి మరీ చూపించాను. అందరూ పడీపడీ నవ్వారు. చివర్లో అన్నాను: "మనల్ని మనుషులుగా చూడనివాడికి మన ఒళ్ళు అప్పజెప్పాలా? మన డాక్టరు ఉండగా?"

ఇస్త్రీ విభాగంలో పనిచేసే పెద్దాయనను మేమంతా ఇస్త్రీ బాబాయి అంటాం. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. "ఒక్క మాట అమ్మాయ్. బస్సు డ్రైవరు మంచివాడని విమానం అప్పజెబుతామా?"

"అంటే ఏంటి బాబాయ్ నీ ఉద్దేశం?"

"ఏముంది, మన డాక్టరు గారు బొటనవేళ్ళు ఎన్ని కోశారో అడుగుదామంటున్నా. అడిగితే అరిగిపోతారా?"

డాక్టరు అక్కడే, చాప చివర కూర్చుని ఉన్నాడు. నోరు తెరవబోయాడు. నేను తెరవనివ్వలేదు. "టెంటులో నా కనుబొమ కుట్టినప్పుడు ఎన్ని కుట్టారని అడిగామా బాబాయ్? అనుమానం యజమాని మీద పెట్టుకో, మన మనిషి మీద కాదు. చేతులెత్తండి!"

పదమూడు చేతులు లేచాయి. బాబాయి చెవిలో పుల్ల తీసి, నిట్టూర్చి, తనదీ ఎత్తాడు. చెల్లి నా వంక చూసింది. నేను కళ్ళతోనే గదమాయించాను. ఎత్తింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మేం పెరటి చెట్టుకు పట్టం కట్టాం.

గురువారం పొద్దున వెళ్ళాం. చిన్న ఆసుపత్రి, శుభ్రంగా ఉంది. నర్సు చెల్లికి ఆకుపచ్చ గౌను తొడిగింది. "పెళ్ళికూతురులా ఉన్నావే," అన్నాను. "ఈ పెళ్ళి పది నిమిషాలేగా," అంది చెల్లి. డాక్టరు స్వయంగా వచ్చి భుజం తట్టి, వేలికి మాత్రమే మత్తు ఇస్తాననీ, మాట్లాడుతూనే ఉండవచ్చనీ చెప్పాడు. ఎంత మర్యాద! చూశావా అన్నట్టు చెల్లి వైపు చూశాను.

పది నిమిషాలన్నది నలభై అయింది. తలుపు అద్దంలోంచి డాక్టరు వీపు కనపడుతోంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. లోపల చల్లగానే ఉంటుందే, ఈ చెమటేంటి అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

బయటికొచ్చాక చెల్లి మొహం పాలిపోయి ఉంది. చేతికి లావుగా కట్టు. "మధ్యలో కరెంటు కొట్టినట్టైందక్కా. భుజం దాకా లాగింది. తర్వాత ఏమీ లేదు."

"మత్తు సరిగ్గా పట్టి ఉండదు," అన్నాను. నాకేం తెలుసు? చదివింది ఏడో తరగతి.

వేలు లేస్తోంది. అది నిజం. టక్కుమనే చప్పుడు పోయింది. కుట్లు విప్పిన రోజు సంఘం ఆఫీసులో చెల్లి వేలు మడిచి, చాచి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరు కూడా నవ్వాడు. చెల్లి మాత్రం ఆ వేలిని చీర అంచు మీద రుద్దుతూ కూర్చుంది. మళ్ళీ మళ్ళీ రుద్దింది.

"స్పర్శ లేదు డాక్టర్ గారూ."

"నరం కొంచెం నలిగి ఉంటుందమ్మా. వాపు తగ్గితే వస్తుంది. ఓపిక పట్టాలి."

ఓపిక పట్టాం. మూడో వారంలో గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరక్కుండా అడిగింది: "ఒక్కసారి ఆ చేతుల డాక్టరుకు చూపిద్దామా?"

"మన డాక్టరుకు తెలిస్తే ఏమనుకుంటాడే? ముఖం మీద ఉమ్మినట్టు కాదూ?"

"తెలియకుండా వెళ్దాం."

"దొంగతనంగానా? నోర్ముయ్. వస్తుందని చెప్పాడుగా."

నోర్మూసుకుంది. అది నా కంటే ఏడేళ్ళు చిన్నది. అమ్మ పోయాక నేనే పెంచాను. నేను నోర్ముయ్యమంటే మూసుకోవడం దానికి అలవాటు. యజమానుల నోళ్ళు మూయించానని సభల్లో చెప్పుకుంటాను. ఇంట్లో నేను మూయించిన నోటి గురించి ఏ సభలోనూ చెప్పలేదు.

నాలుగో నెలలో ఒక ముసలాయన తెల్ల ఉన్ని కోటు తెచ్చాడు. పోయిన భార్య కొనిపెట్టిందట. జేబు పక్కన చిల్లు. చిన్న పనే, కోత తర్వాత మొదటిసారి చెల్లి ఒప్పుకుంది. కిటికీ దగ్గర వెలుగులో కూర్చుని రెండు గంటలు చేసింది. నేను పక్కనే కరపత్రం రాసుకుంటున్నాను. తలెత్తి చూస్తే కోటు లోపలివైపు ఎర్రగా తడిసి ఉంది.

"ఏయ్, నెత్తురే!"

చెల్లి కోటు తిప్పింది. సూది బొటనవేలిలో దిగి ఉంది. దానికి తెలియదు. ఆ వేలు బట్ట కింద ఎన్నిసార్లు పొడుచుకుందో, ఎంతసేపటినుంచి కారుతోందో తెలియదు. సూది పీకి, వేలిని చూస్తూ ఉండిపోయింది. నొప్పి లేనందుకు ఏడ్చిన మనిషిని నేను ఆ రోజే చూశాను.

మర్నాడు చేతుల డాక్టరు వరండాలో మళ్ళీ మూడు గంటలు. ఈసారి నాలో ఆవేశం లేదు. ఆయన చెల్లి కళ్ళు మూయించి, వేలి మీద దూదితో రాశాడు, పిన్నుతో గుచ్చాడు. "ఇక్కడ?" లేదు. "ఇక్కడ?" లేదు. కోత గుర్తు చూశాడు.

"నరం తెగింది. ఎన్నాళ్ళైంది?"

"నాలుగు నెలలండీ."

"మొదటి రెండు మూడు వారాల్లో వచ్చుంటే కొసలు కలిపి కుట్టేవాణ్ణి. చాలావరకు వచ్చేది. ఇప్పుడు వేరేచోటి నుంచి నరం ముక్క తెచ్చి అతకాలి. అతికినా వేడీ చల్లా తెలియొచ్చు, అదీ తెలియొచ్చునంతే. సూదిమొన తెలియదు. రఫూకి పనికిరాదు."

మూడో వారం. గిన్నెలు. నా చెవుల్లో కుళాయి చప్పుడు మోగింది.

ఆయన కాగితం మీద ఏదో రాస్తూ ఆగాడు. "నువ్వు అప్పుడు వచ్చావు కదూ? మంగళవారం రమ్మన్నాను. ఎందుకు రాలేదు?"

నేను నోరు తెరిచాను. చెల్లి బల్ల కింద నా చెయ్యి నొక్కింది.

"కోతంటే భయమేసిందండీ," అంది. "నేనే రాలేదు."

ఆయన తలూపాడు. అరుస్తాడేమో, నన్ను గుర్తుపట్టి నాలుగు తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. "పెద్ద పొరపాటు చేశావమ్మా," అన్నాడు దానితో, చాలా మెత్తగా. "తర్వాత!" అని అరవలేదు కూడా. మేం లేచేదాకా ఆగాడు.

దాన్ని బస్టాపు బెంచీ మీద కూర్చోబెట్టి, రెండు వీధుల అవతలున్న మన డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చెప్పాను. కుర్చీలో ఉన్నవాడు ఉన్నట్టే కుంగిపోయాడు.

"ఎన్ని చేశారు డాక్టర్ గారూ? అంతకుముందు?"

"రెండు. చదువుకునే రోజుల్లో. మా సారు పక్కన నిలబడి చేయించారు."

"మరి చెప్పలేదేం?"

"బాబాయి అడిగినప్పుడు చెప్పబోయాను. మీరు చేతులెత్తమన్నారు. అన్ని చేతులు లేచాక నా వల్ల కాదని ఎలా అనను? మీరంతా అంత నమ్మకంగా..." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అనాల్సింది. తప్పు నాదే. కేసు పెట్టండి, నేనే సాక్ష్యం చెబుతాను."

ధర్నాలకు, ఘెరావులకు నాకు కొదవ లేదు. ఆ గదిలో ఎవరి మీద చెయ్యాలో తెలియలేదు. వచ్చేశాను.

బెంచీ మీద చెల్లి అలాగే కూర్చుని ఉంది. ఒళ్ళో చేతులు. బస్సు ఒకటి వచ్చి వెళ్ళింది, ఎక్కలేదు.

"ఎందుకు అబద్ధం చెప్పావే?"

"నువ్వు తిట్లు తింటుంటే చూడలేనక్కా. నీకు అలవాటు లేదు."

నేను ఏడవలేదు. ఏడిస్తే అదే నన్ను ఓదార్చాల్సి వస్తుంది. దానికి ఆ పని కూడా పెట్టదల్చుకోలేదు.

చెల్లే అడిగింది: "మీ ఫ్యాక్టరీలో నాకేదైనా పని దొరుకుతుందా?"

విభాగాలన్నీ ఒక్కొక్కటిగా తలచుకున్నాను. కటింగులో ఎడమచెయ్యి బ్లేడు పక్కనే ఉంటుంది, తగిలినా దానికి తెలియదు. మిషను మీద సూది కింద బట్ట జరిపేది ఎడమచెయ్యే. బటన్లూ అంతే. ఇస్త్రీలో కాలినా తెలియదు. చెకింగులో కుట్టు మీద వేలు పెట్టి తడమాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో ప్రతి బల్ల కోసం కొట్లాడాను. నా చెల్లెల్ని కూర్చోబెట్టడానికి ఒక్క బల్ల లేదు.

"ప్యాకింగులో," అన్నాను. "అట్టపెట్టెల మీద సైజు చీటీలు అంటించాలి."

"చీటీలా?" అంది. డాక్టరు పిన్ను గుచ్చినచోట నెత్తురంటిన వేలిని కొంగుతో తుడుచుకుంది. "కూర్చుని చేస్తారా, నిలబడా?"

"నిలబడి."

"సరే," అంది. "ఆ ముసలాయన కోటు ఇచ్చేశాక వస్తాను. మరక పోలేదని ఆయనకు నేనే చెప్పుకోవాలి."