నీడ పడని జాగ

రాత్రంతా కమ్మిన మబ్బు తెల్లవారేసరికి పడమటికి జరిగిపోయింది. కాగజ్‌నగర్ నుంచి జీపులో వచ్చిన ఇంజనీరు దిగుతూనే ఆకాశం చూసి నవ్వాడు. అడవి దాటి మా ఊరికి కరెంటు స్తంభాలు రావని తేలాక, ఎండతో దీపాలు వెలిగించే పలకలు పెడతామని సర్కారు మాటిచ్చింది. వాటికి జాగ చూడటానికి వచ్చాడాయన.

"పొద్దంతా నీడ పడకూడదు. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలుతాడు, అటువైపు చెట్లుంటే లాభం లేదు," అన్నాడు చావడి ముందు.

కిషన్‌రావు దొర తన కోటలాంటి గడి పక్క జాగ ఇస్తానన్నాడు. మొదటి దీపం తన వాకిట్లోనే వెలగాలని ఆయన ఆశ. ఆ జాగకు దక్షిణాన మా ఊరి రైతు దేవదాస్ వేపచెట్టు ఉంది.

"నీడ పడే చెట్టు ఎవరిదైనా సరే కొట్టాలె. ఊరి పని. అడ్డమొచ్చినోడు ఊర్ల ఉండొద్దు," అన్నాడు దొర.

"వేప సంగతి సరే దొరా, మీ గడి నీడ ఎటు పోతది?" అన్నాడు వెనక నిలబడ్డ మొండయ్య. జనం నవ్వారు. ఇంజనీరు పోయి చూసి తల అడ్డంగా ఊపాడు. పొద్దు వాలితే గడి గోడల నీడ ఆ జాగనంతా కప్పేస్తుంది.

అప్పుడు మా అవ్వ, నన్ను కన్న తల్లి, లేచింది. "సారూ, నా మెరక చేను సూడుండ్రి."

మాకున్నది ఆ ఎకరమే. దాని దక్షిణపు గట్టు మీద, తన వైపు, దొర పేపరు మిల్లుకు అమ్మాలని నీలగిరి చెట్లు నాటాడు. అవి మా మక్కజొన్న మీద నీడ పరిచాయి, మా బావి నీళ్లు తాగాయి. ఎండిన బావిని లోతు చేయడానికి దిగిన మా నాన్న, మా బాపు, ఒడ్డు కూలి చనిపోయాడు. అవ్వ పోయి అడిగితే, "బావి నీది, చెట్లు నావి," అన్నాడు దొర.

ఇంజనీరు మెరకంతా తిరిగాడు. "ఇంత మంచి జాగ ఇంకోటి లేదు. కానీ ఈ చెట్లు..."

అవ్వ దొర వైపు తిరిగింది. "గిప్పుడే అన్నవు గద దొరా, ఎవరివైనా కొట్టాలె అని."

"జర ఆగే దేవవ్వా. రెండేండ్లు పోతే మిల్లుకు పోతయి. గిప్పుడు ఉత్త పుల్లలు."

"పుల్లలైతే కొట్టుడు అల్కనే, కష్టమేం లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఊరి ముందు అన్న మాటను దొర వెనక్కి తీసుకోలేకపోయాడు.

"ఉత్తగ కొడితే మోళ్లు చిగురేస్తయి. వేర్లతోటి తవ్వియ్యి," అంది అవ్వ.

నేను ఆమెను పక్కకు లాగాను. "అవ్వా, భూమిచ్చి మనమేం తినాలె?"

"కూలికి, కైకిలికి పోయి తింటం బిడ్డా. మీ బాపు పోయినంక ఆ చేన్ల నాకు కాలు వెట్టబుద్ది కాలే. గా చెట్లు పడంగ సూడాలె."

చెట్లు కూలినన్నాళ్లూ ఆమె గట్టు మీదే కూర్చుంది. దొర మనుషులు గొయ్యి పూడ్చబోతే లోపల చెయ్యి పెట్టి తడిమేది. "ఇంక వేరున్నది. తవ్వుండ్రి," అనేది.

మా ప్రాంతంలో ఓ ఆచారం ఉంది, హద్దురాయి పాతిన రోజున భూమిచ్చిన ఇంటి బువ్వను గట్టు పంచుకున్న వాళ్లు ఆ రాయి దగ్గరే కూర్చుని తినాలి. తినకపోతే రాయి నిలవదంటారు. మా మెరకకు రాయి పాతిన రోజు దొర రానని కబురంపాడు.

"అయితే రాయి పీకుతనని చెప్పు. దీపాలెందుకు రాలేదో ఊరే ఆయన్ను అడుగుతది," అని అవ్వ నాతో తిరుగు కబురు పంపింది.

దొర వచ్చాడు. చెప్పులు విడిచి, తన చెట్ల కోసం తవ్విపోసిన మట్టి మీద కూర్చున్నాడు. పక్కన ఇంజనీరు, ఎదురుగా నేను. అవ్వ మోదుగ విస్తళ్లలో జొన్నరొట్టె, పచ్చిపులుసు వడ్డించింది. దొర మొదటి ముక్క చేతిలోనే చాలాసేపు ఉంచుకున్నాడు. అవ్వ రెప్ప వాల్చకుండా చూసింది. ఆయన మింగాక తను కూర్చుని రొట్టె తుంచింది.