నలభై టన్నుల సంజాయిషీ

ఓజోన్ పొరను తినేసే గ్యాసులు దేశంలోకి ఏటా ఎన్ని టన్నులు వచ్చాయో అంతర్జాతీయ కమిటీకి రాసి పంపడం మా ఆఫీసు పని. అంటే మా తప్పులు మేమే రాసుకోవాలి. దొంగే స్టేషన్‌కి వెళ్లి తన దొంగతనం చెప్పుకోవాలన్నట్టు ఉంటుంది ఏర్పాటు. అయినా నేను నమ్మాను. బుద్ధి లేక.

నమ్మకపోతే బాబాయ్ మొహం చూడలేను మరి. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. రెండేళ్ల కిందట ఆయన షాపులో నిషేధించిన పాత గ్యాస్ సిలిండర్లు రెండు దొరికితే, నేనే కేసు రాశాను. "చట్టం అందరికీ ఒకటే బాబాయ్" అన్నాను పెద్ద పోటుగత్తెలా. ఆయన కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. పిన్ని మాత్రం అప్పట్నుంచీ నాతో మాట్లాడదు.

ఈ ఏడు సున్నా ఉండాల్సిన చోట నలభై టన్నులు తేలాయి. తెప్పించింది ఎవరో దొంగ వ్యాపారి కాదు, సాక్షాత్తూ మా ప్రభుత్వమే. సర్కారు కోల్డ్ స్టోరేజీల్లో పాత మిషన్లు మార్చడానికి బద్ధకించి, వాటికి పాత గ్యాసే తెప్పించి పోశారు.

"నలభైలో ఆ సున్నా తీసెయ్యమ్మా, పోయేదేముంది?" అన్నారు డైరెక్టరు గారు.

ఉన్నదున్నట్టు పంపేశాను. ఆ సాయంత్రం షాపు దగ్గర ఆగి, "ఈసారి పెద్దవాళ్లు దొరికారు బాబాయ్" అని చెప్పాను కూడా.

కమిటీ సంజాయిషీ చెప్పుకోమని పిలిచింది. పొడవాటి గదిలో దేశం పేరున్న పలక వెనక, డైరెక్టరు గారి పక్కన కూర్చుని, మా వాళ్లకి ఎప్పుడు గడ్డి పెడతారా అని ఎదురుచూశాను. అధ్యక్షురాలు మహా మర్యాదస్తురాలు. తప్పు నిజాయితీగా ఒప్పుకున్నందుకు ముందు మాకు ధన్యవాదాలు చెప్పింది. తర్వాత, దాన్ని ఎలా దిద్దుకుంటారని అడిగింది.

డైరెక్టరు గారు నాకు చూపించని కాయితం ఒకటి తీసి చదివారు. అందులో కోల్డ్ స్టోరేజీల ఊసే లేదు. చిన్న రిపేరు షాపులన్నీ తనిఖీ చేస్తారట. ఇదివరకు కేసున్న షాపుల లైసెన్సులు రద్దు చేస్తారట.

నాకు ఒళ్లు మండిపోయింది. మైకు నొక్కి, "ఆ గ్యాస్ షాపులకి చేరనే లేదు మేడం" అన్నాను.

"ఎలా దిద్దుకోవాలన్నది మీ ఇంటి విషయం. అందులో మేం తలదూర్చం" అంది అధ్యక్షురాలు. పది నిమిషాల్లో ఆమోదించి, అందరూ కాఫీకి లేచారు.

తిరిగొచ్చేసరికి నా బల్ల మీద లైసెన్సులు రద్దు చేయాల్సిన షాపుల జాబితా ఉంది. పదకొండో పేరు బాబాయ్‌ది. నేను రాసిన కేసే ఆధారం. నోటీసుతో ఇంకెవర్నైనా పంపొచ్చు గానీ మనసొప్పక నేనే వెళ్లాను.

బాబాయ్ కంప్రెసర్ విప్పుకుని నేల మీద కూర్చున్నాడు. నన్ను చూసి, నూనె చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నవ్వాడు.

"ఏమ్మా, సర్కారుని నిలదీశారా?"

"నిలదీశారు బాబాయ్."

"మరి శిక్ష ఏం వేశారు?"

నోటీసు తీసి ఇచ్చాను. ఆయన కాయితాన్ని కళ్లకి దూరంగా పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. మళ్లీ మొదట్నుంచీ చదివాడు.

"ఇందులో నా పేరుందేంటమ్మా?" అన్నాడు.