ఒకే దూలానికి రెండు తువ్వాలలు

పాత కట్టె వ్యాపారంలో కాగితం కన్నా తువ్వాలకే విలువ. సౌదీలోని హుఫూఫ్ చుట్టుపక్కల ఏ పాత ఇల్లు కూల్చినా, దూలానికి ఎవరు తువ్వాల కడితే ఆ కట్టె వాళ్లది. తన చేత్తో విప్పుకుంటే హక్కు వదులుకున్నట్టే. తెలంగాణ వాడైనా పాకిస్తానీ అయినా ఆ మాట దాటడు.

ఖర్జూర తోటల మధ్య కాలువ మీద ఒక పాత కప్పు వంతెన ఉంది. పైన మట్టల కప్పు, పక్కల చెక్క గోడలు, లోపల పట్టపగలే చీకటి. ఈ కొస నుంచి ఆ కొస కనిపించదు. కింద మోసేది ఒకటే పొడుగాటి టేకు దూలం, ఏనాడో ఓడలో మన దేశం నుంచే వచ్చింది; నడుమ దాన్నీ కప్పునూ కలిపి పట్టే స్తంభం ఒకటి. చెరో ఒడ్డున తోట ఉన్న అన్నదమ్ములు వంతెన మొత్తం తమదేనని చెరొకరికి అమ్మేశారు. ఉత్తరపు కొసన తెలంగాణ ఎల్లన్న ఎర్ర తువ్వాల కట్టాడు. దక్షిణపు కొసన పాకిస్తానీ అల్తాఫ్ పచ్చది కట్టాడు. అమ్మినవాళ్లు ఇళ్లలో చల్లగా ఉన్నారు, కొన్నవాళ్లు వంతెన నడుమ ఎదురుపడ్డారు.

ఎల్లన్నకు ఇది ఒట్టి కట్టె కాదు. దూలం ముక్కలు కాకుండా జెద్దా హోటల్‌కు చేరకపోతే వీసాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తానని, అతన్ని పనికి తెచ్చుకున్న యజమాని కఫీల్ ముందే చెప్పాడు.

"నా తువ్వాల ఉంది, కనవడ్తలేదా?" అన్నాడు ఎల్లన్న.

"మేరా భీ హై. అంధా హై క్యా?" అంటూనే అల్తాఫ్ గుద్దాడు.

ఎల్లన్న పెదవి చిట్లింది. అడ్డం వచ్చిన అతని పనివాడు సాయికుమార్ ముఖం గోడకు తగిలి పళ్లు రాలాయి. బేరంలో మొదటి దెబ్బ తిన్నవాడు రెండోది పెద్దదిగా కొట్టాలి. ఎల్లన్న గడ్డపార తిప్పాడు. అల్తాఫ్ కుడి మణికట్టు ఎండుపుల్లలా విరిగింది.

 అతను ఎడమ చేత్తో తన గొడ్డలి అందుకున్నాడు.

"మేరా నహీ, తో తేరా భీ నహీ!"

తనకు దక్కనిది ఎదుటివాడికీ దక్కొద్దని నడిమి స్తంభం మీద వేటు వేశాడు. మళ్లీ పడింది. ఎల్లన్న సాయికుమార్ మెడ పట్టి ఒడ్డుకు ఈడ్చేలోపు కప్పు, గోడలు, మనిషి అంతా కలిసి కాలువలో కూలాయి.

దుమ్ము తగ్గాక చూస్తే దూలం అల్తాఫ్ తొడ మీద ఉంది. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి, ఎర్రగా. ఎల్లన్న కిందికి దూకి గడ్డపార పెట్టి లేపాడు. రెండు కొసలూ గట్లలో దిగబడ్డాయి, కదల్లేదు. కూలిన చెక్కలకు నీళ్లు ఆగి పైకెక్కుతున్నాయి.

"రంపం ఇయ్యిరా."

"ఎల్లన్నా, కొయ్యకే!" సాయికుమార్ నోట్లో నెత్తురుతోనే అరిచాడు. "దూలం పోతే మన బతుకు ఇంటికే. వాడే గదా కూల్చింది!"

"కట్టె కోసం కొట్టిన. మనిషిని చంపుడు నా బేరంల లేదు. ఇయ్యి."

టేకు రంపాన్ని పట్టేసింది. అల్తాఫ్ ముక్కు నీళ్లకు అందుతుంటే జుట్టు పట్టి పైకి లేపుతూ, ఇంకో చేత్తో కోశాడు. చేతులు మార్చుకున్నాడు. చర్మం ఊడింది. చివరికి దూలం ఫెళ్లుమని రెండైంది.

ఒడ్డుకు లాగితే తొడలోంచి నెత్తురు బుగబుగ పొంగింది. కట్టడానికి గుడ్డ కావాలి. ఎల్లన్న అటూ ఇటూ చూశాడు. గట్టున దూలపు కొసకు తన ఎర్ర తువ్వాల వేలాడుతోంది. ఒక్క క్షణం ఆగి, ముడి విప్పాడు. అల్తాఫ్ తొడకు చుట్టి, గడ్డపార దూర్చి మెలితిప్పాడు.

అల్తాఫ్ బొబ్బ పెట్టాడు. నొప్పి కాస్త దిగాక, నెత్తురు లేని ముఖంతో దూలం వైపు చూశాడు. పచ్చ తువ్వాల ఒక్కటే మిగిలింది.

"తో... లకడీ మేరీ?"

ఎల్లన్న ఉమ్మేశాడు. ఉమ్ములో అంతా నెత్తురే.

"నీదేరా, తీస్కపో. రెండు ముక్కలూ నీవే."